ఒకే ప్లగ్గు పెద్దమనిషి

చంద్రకాంత్ గారికి లోకంలో ఒకటే బెంగ: కార్లన్నిటికీ ఒకే ప్లగ్గు ఉండాలి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కరెంటు కార్లకు ఛార్జింగ్ స్తంభాలు చేసే కంపెనీలో ఇంజనీరాయన. కరోనా వచ్చి అందరూ ఇళ్లలో పడ్డాక, పైన టై, కింద లుంగీతో కూర్చుని ఏడాదిపాటు కమిటీ మీటింగుల్లో దీని మీదే వాదించాడు. యూరప్ కంపెనీలన్నీ ఒక ప్లగ్గుకే వచ్చేశాయి, ఇంకా ఆ పాత జపాన్ రకం ప్లగ్గు కోసం స్తంభానికి రెండో కేబుల్ దేనికి, పీకి పారేద్దాం అన్నాడు. నెగ్గాడు కూడా.

మరి ఆయన సొంత కారు? ఆ పాత జపాన్ రకమే. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఎగబడి కొన్నాడు. గరాజ్‌లో ఛార్జింగ్‌కు ఇంటి ఓనరు ఒప్పుకోలేదు కాబట్టి సూపర్‌మార్కెట్ దగ్గరి స్తంభమే దిక్కు. పీకేది ఊళ్లోవాళ్ల కేబుళ్లే, తనది కాదనుకున్నాడు కాబోలు. ఇంత చదువూ చదివి ఏం లాభం, చెప్పండి.

పక్కింటావిడ ఫ్రావ్ కెస్లర్‌కు డెబ్భై దాటాయి. ఆవిడ తన ముసలి డీజిల్ కారు స్టార్ట్ చేసినప్పుడల్లా ఈయన కంచె మీదుగా పర్యావరణం గురించి క్లాసు పీకేవాడు.

ఏప్రిల్లో ఆయన భార్య కుముదినికి టీకా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికింది. ఆస్తమా మనిషి, భయంతో ఏడాదిగా గడప దాటలేదు. ఆరు వారాలు ఫోను పట్టుకు వేలాడితే దొరికింది, పొద్దున పదీ ఇరవైకి. టీకా కేంద్రం ముప్ఫై కిలోమీటర్లు.

"నిన్ననే ఛార్జింగ్ పెట్టాల్సింది కదండీ," అందామె కారెక్కుతూ.

"దార్లో పావుగంట పని," అన్నాడు.

సూపర్‌మార్కెట్ దగ్గర పాతదాని స్థానంలో కొత్త స్తంభం తళతళలాడుతోంది. కేబుల్ ఒక్కటే. పైన రాత కూడా ఆయన రాసిచ్చిందే: "అందరికీ ఒకటే ప్లగ్గు." కారులో మిగిలిన ఛార్జింగ్ ఇంటికి తిరిగి వెళ్లడానికి కూడా చాలదు.

కుముదిని స్తంభాన్నీ, కారునూ, మొగుణ్ణీ వరసగా చూసింది. టైము తొమ్మిదింబావు. "రైల్లో ఆ గుంపులో నేనెక్కను," అని ఫ్రావ్ కెస్లర్‌కు ఫోన్ చేసింది. ఆవిడ పది నిమిషాల్లో డీజిల్ కారులో దిగింది, మాస్కు పెట్టుకుని, కిటికీలన్నీ దించి. ఈయన కూడా ఎక్కబోయాడు గానీ, ఛార్జింగ్ పెట్టకుండా ఆపిన కారును క్రేన్‌తో ఎత్తుకెళతామని అక్కడ బోర్డు. కాపలా ఉండిపోయాడు.

పదకొండింటికి కమిటీ మీటింగు. చచ్చిన కారులోనే కూర్చుని ఫోన్లో చేరాడు.

"మిగతా ఊళ్లలో రెండో కేబుళ్లు కూడా ఈ నెలలోనే తీసేద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగాడు అధ్యక్షుడు.

చంద్రకాంత్ గొంతు సవరించుకున్నాడు. నిజం చెబితే ఏడాది పరువు గంగలో కలుస్తుంది.

"నాకైతే ఏమీ లేదు," అన్నాడు.

మీటింగు ముగిసీ ముగియగానే కుముదిని ఫోను.

"టీకా అయిందండీ, బానే ఉన్నాను. మిమ్మల్ని ఇంటిదాకా లాక్కెళ్లాలా అని ఫ్రావ్ కెస్లర్ అడుగుతున్నారు. ఆవిడ తాడు ఏ కారుకైనా సరిపోతుందట."