నాలుకతో చూసే సబ్బు

గిద్దలూరులో జిలానీ కొత్త దుకాణం తెరిచేది రేపే. మఠం వేపనూనె సబ్బులు దొరుకుతాయని ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పించాడు. ఇప్పుడు అదే ఆటోలో సరుకు కోసం సిస్టర్ల మఠానికి వచ్చాడు. సబ్బులు చెక్కబల్లల మీద ఆరుతున్నాయి.

సిస్టర్ రోజ్‌లిన్ ఒక సబ్బును నాలుక కొనకు తాకించి, తల అడ్డంగా ఊపింది. "ఇంకా కాలేదన్నా. సబ్బులో కలిపిన కాస్టిక్ సోడా ఘాటు పోలేదు."

"సబ్బు ఒంటికి రుద్దుకుంటారు గానీ నాకుతారా ఏంది, సిస్టరమ్మా? రేపు నా పరువు పోతాది!"

"అయితే నువ్వే చూడు."

జిలానీ చూశాడు. నాలుక చుర్రుమంది. ఆమె నవ్వుతూ నీళ్లచెంబు అందించింది. "పసిబిడ్డలకూ రుద్దుతారు గదా. అందుకే ప్రతిసారీ ఇట్లనే చూస్తాం."

పుక్కిలిస్తూనే జిలానీ లెక్క వేసుకున్నాడు. ఎక్కడ ఏ సరుకు కొన్నా మంచిచెడ్డా తానే చూసుకోవాలి. ఇక్కడ అమ్మేవాళ్లే ముందు నాలుక కాల్చుకుంటున్నారు. ఇట్లాంటి సరుకు కోసం కాచుకోవడం నష్టం కాదు.

మర్నాడు సబ్బుల అర ఖాళీగానే ఉంచి దుకాణం తెరిచాడు.

"ఏంది భాయ్, మైకులో అరిపించి ఖాళీ అర చూపిస్తున్నావు?" అంది మొదట వచ్చినామె.

"మఠంలో ఆరుతున్నాయక్కా. సిస్టర్లు సరే అన్నాకే తెస్తా," అన్నాడు జిలానీ, వాటిని తానే చేసినంత గర్వంగా.