కూర్చున్న వరస

శనివారం ఉదయం పదకొండూ నలభైకి ఆస్పత్రి రెండో అంతస్తు హాల్లో తీసిన గ్రూప్ ఫొటోలో ముందు వరస నల్లగా వచ్చింది. ఫొటోలో నలభై రెండు మంది ఉన్నారు. వెనక నిలబడ్డ వాళ్లందరి ముఖాలూ తెలుస్తున్నాయి. ముందు కూర్చున్న తొమ్మిది మందీ తెలియడం లేదు. ఆ తొమ్మిది మందిలో మధ్య కుర్చీ హెడ్ నర్సుది. ముప్పై నాలుగేళ్ల సర్వీసు చేసి ఆమె ఆ రోజు రిటైరయింది. ఫొటో ఆమె కోసమే.

తీసింది స్టూడియో యజమాని. ఇరవై ఆరేళ్లుగా ఆయనకు అదే పని. ఆయనతో వెళ్లింది ఆయన వదిన, అన్న భార్య. పదహారేళ్లు టైలరింగ్ దుకాణం నడిపింది. మెడనొప్పి వచ్చి మిషన్ పక్కన పెట్టి, ఎనిమిది నెలల క్రితం స్టూడియోలో చేరింది. వరసకు పెద్దది, పనికి కొత్తది.

గదుల్లో ఫ్లాష్ వాడడం ఆమెకు ఆయనే నేర్పాడు. బల్ల వెనక అన్నను కూర్చోబెట్టి, కెమెరాలోని పీ, ఏ, ఎమ్ మోడ్‌లలో ఒక్కో ఫొటో తీయించాడు.

"పీలో పెడితే మనిషి తెల్లగా, వెనక గోడ చీకటిగా వస్తుంది వదినా. ఏలో పెడితే గదిలో వెలుగు చాలదని కెమెరా షట్టర్ తెరుచుకుని కూర్చుంటుంది. ఈలోగా మనిషి కదిలాడా, దెయ్యమే."

"మీ అన్నయ్య కదిలితేగా. ఏ మోడ్ అయినా ఒకటే."

"ఎమ్‌లో అన్నీ మన చేతిలోనే. షట్టర్ వేగం మాత్రం రెండు వందలు, అంటే సెకనులో రెండు వందలో వంతు, దాటొద్దు. దాటితే ఫ్లాష్ వెలిగే సరికే షట్టర్ మూసుకోవడం మొదలవుతుంది. ఫొటో కింది భాగంలో నల్ల పట్టీ పడుతుంది."

కొత్త ఫ్లాష్ అయితే కెమెరాయే ఆ హద్దు దాటనివ్వదు. స్టూడియోది పాత ఫ్లాష్, స్టాండు మీద పెట్టేది. అది వెలుగుతున్న సంగతి కెమెరాకు తెలియదు. ఎంత పెట్టినా ఒప్పుకుంటుంది.

శనివారం హాల్లో షట్టర్‌ను నూట ఇరవై అయిదు మీద పెట్టింది వదినే. ఖాళీ కుర్చీలను రెండుసార్లు తీసి, తెర మీద చూసుకుంది. నర్సులు వచ్చి కూర్చున్నాక నవ్వులు, కదలడాలు మొదలయ్యాయి. యజమాని కెమెరా అందుకున్నాడు. స్కూళ్ల ఆటల పోటీలు తీసే అలవాటుకొద్దీ షట్టర్ చక్రాన్ని అయిదు వందలకు తిప్పాడు.

"మరిదిగారూ, రెండు వందలు దాటొద్దన్నారుగా" అంది వదిన, మెల్లగా.

"నిన్నగాక మొన్న పట్టుకున్నారు కెమెరా. నాకే పాఠమా వదినా?" అన్నాడు ఆయన, హాలంతా వినబడేలా.

నర్సులు నవ్వారు. ఆయన పదకొండు ఫొటోలు తీశాడు. ఒక్కటీ తెర మీద చూసుకోలేదు. అది నేర్చుకునేవాళ్లు చేసే పని అని ఆయన అంటుండేవాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆస్పత్రి గుమాస్తా స్టూడియోకు వచ్చాడు. నాలుగింటి వీడ్కోలు సభలో ఇవ్వడానికి ఫొటో ఫ్రేము కట్టించుకుని వెళ్లాలి. కంప్యూటర్లో మొదటి ఫొటో తెరిచారు. తరవాత మిగతా పదీ తెరిచారు.

"ఇదేంటండీ? మేడమ్ ఏరీ ఇందులో?"

వదిన రెండడుగుల దూరంలో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తోంది.

"మా వదిన కొత్తండీ, నేర్చుకుంటున్నారు" అన్నాడు యజమాని. "సెట్టింగు ఆవిడ పెట్టారు."

కత్తెర ఆగింది. మళ్లీ మొదలైంది.

"నేర్చుకోడానికి మా మేడమ్ రిటైర్మెంటే దొరికిందా? బుధవారం మా నర్సింగ్ కాలేజీలో ఫొటోలకు కూడా ఈవిడనే పంపుతామన్నారుగా. వద్దు. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి చెప్పేస్తాను" అన్నాడు గుమాస్తా. చెప్పి వెళ్లిపోయాడు.

బుధవారం పని వదిన ఒక్కతే చేయాల్సిన మొదటి పని. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పుకుంది. పాత దుకాణం వీధిలో కూడా చెప్పుకుంది.

యజమాని కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

"మీరు నిజం చెప్పేస్తారనుకున్నాను" అన్నాడు.

"బయటివాళ్ల ముందు మరిది పరువు తీసేదాన్ని కాను" అంది వదిన, తలెత్తకుండా. "తీసుకుంటే మీరే తీసుకోవాలి."

మూడూ యాభైకి ఆయన ఆస్పత్రి హాల్లో ఉన్నాడు. సభ మొదలుకాక ముందే మైకు దగ్గరకు వెళ్లాడు. మైకు ఆన్ చేయలేదు.

"ఫొటో చెడింది. వదిన సెట్టింగు సరిగ్గానే పెట్టారు. నేను మార్చాను. మార్చొద్దని ఆవిడ చెబితే మీ అందరి ముందూ వెక్కిరించాను. తప్పు ఆవిడదేనని గుమాస్తాగారికి అబద్ధం చెప్పాను."

గుమాస్తా తలుపు దగ్గర నిలబడి విన్నాడు. యజమాని చూపు నేల మీదే ఉంది.

"పొద్దున నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానయ్యా" అంది హెడ్ నర్సు. "ఆవిడేరీ?"

"స్టూడియోలో ఉన్నారండీ."

"మరి మాకు చెప్పి ఏం లాభం? ఆవిణ్ణి రమ్మనండి. కెమెరా తెమ్మనండి."

వదిన కెమెరా, ఫ్లాష్ పట్టుకుని నాలుగూ ముప్పై అయిదుకు వచ్చింది. ఆయన అవే మాటలు ఆమె ఎదుట మళ్లీ చెప్పాడు. ఆమె ఫ్లాష్ స్టాండు కాస్త దించమంది. ఆయన దించాడు. మూడు ఫొటోలు తీసి, మూడింటినీ తెర మీద చూసి, చాలంది. ఆ ఫొటోల్లో ముప్పై ఒక్కమందే ఉన్నారు. మిగతా పదకొండు మంది అప్పటికే డ్యూటీలకు వెళ్లిపోయారు.

సోమవారం గుమాస్తా ప్రిన్సిపాల్‌కు మళ్లీ ఫోన్ చేశాడు. బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు వదిన కెమెరా సంచీ తగిలించుకుని నర్సింగ్ కాలేజీకి వెళ్లింది. అప్పటికి నాలుగు రోజులుగా పని మాటలు తప్ప మరిదితో ఆమె ఏమీ మాట్లాడలేదు.