లోపలి పిడి

రామసుబ్బయ్య కారు దిగాలంటే బయటినుంచి ఎవరో ఒకరు తలుపు తీయాలి. డ్రైవరు వైపు లోపలి పిడి విరిగిపోయి చాలా కాలమైంది. ఆదోని మార్కెట్ యార్డులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆ నీలం కారు వచ్చి షెడ్డు నీడలో ఆగిందంటే చాలు, పత్తి బోరాలు మోసే గిడ్డయ్య గొంతెత్తేవాడు.

"సెట్టి వచ్చినాడు, తలుపు తీయండప్పా! పెండ్లికూతురు మాదిరి లోపలే కూసోనుండాడు!"

అందరూ నవ్వేవాళ్లు. రామసుబ్బయ్య కూడా నవ్వేవాడు. లోపల కూర్చున్నవాడు బయటివాళ్లతో కలిసి నవ్వకపోతే తలుపు తీసేదెవరు?

మొదట్లో అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తనే తీసుకునేవాడు. ఈ ఆషాఢంలో ఆ అద్దం కూడా కిందికి దిగనని మొండికేసింది. ఈ కారు ఒంటితీరు తెలిసిన మెకానిక్కు ఎమ్మిగనూరులో బజారి అనేవాడొక్కడే. అతను తలుపు అట్ట ఊడదీసి, లోపల తొంగి చూసి, మళ్లీ బిగించేశాడు.

"సెట్టీ, ఈ మోడలు చేసేది నిలిపి ఏండ్లయింది. బళ్లారి పాత ఇనుము గుజిరీల్లో ఎతికించినా, కర్నూల్లో ఎతికించినా. ఇంక సామాన్లు కావాలంటే ఉరుకుంద ఈరన్న సామినే అడగాల."

"ఆయన్నే అడుగుతాండాంలే" అన్నాడు రామసుబ్బయ్య. నిజానికి ఇంట్లో జరుగుతున్నది అదే.

చూడటానికి అది నలుగురూ ఎక్కే ఇంటి కారే. నాలుగు తలుపులు, వెనక డిక్కీ. నడిపితే మాత్రం పందెం గుర్రం. ఇరవయ్యేళ్ల కిందట బెంగుళూరులో కొని తెచ్చినప్పుడు ఆదోనిలో అలాంటిది ఇంకొకటి లేదు. ఎమ్మిగనూరు రోడ్డెక్కి మూడో గేరు వేస్తే ఇంజను గొంతు మారేది. ఆ గొంతు వినపడగానే, అంగట్లో పొద్దంతా పత్తి ధర తప్ప వేరే మాటాడని రామసుబ్బయ్య సన్నగా భజన పాట అందుకునేవాడు. పీటంత కిందకుండే ఆ సీటు రెండు పక్కలా నడుమును ఒత్తి పట్టుకునేది. అప్పుడది ఎవరో దగ్గరకు తీసుకున్నట్టుండేది. ఇప్పుడు మోకాళ్లు అరిగాక, పొట్ట పెరిగాక, అదే సీటు పట్టుకుని వదలనట్టుంటోంది.

అయినా అమ్మే మాట అతను ఎత్తలేదు. ఎత్తినవాడు కొడుకు రాఘవ్. బళ్లారిలో ప్రేమ్ కుమార్ అని ఒకాయన ఉన్నాడట. పాత కార్లంటే ప్రాణమట. విదేశాలనుంచి సామాన్లు తెప్పించుకుని బాగుచేసుకుంటాడట. మంగళవారం వచ్చి తీసుకుపోతానన్నాడట.

"నాయనా, రిజిస్ట్రేషను గడువు కూడా అయిపోతాంది. మీరు సరే అంటే సాలు" అన్నాడు రాఘవ్.

రామసుబ్బయ్య సరే అన్నాడు. అన్నాక రెండు పూటలు సరిగా తినలేదు.

భార్య సుబ్బలక్ష్మి మాత్రం సరే అనలేదు. ఆమెది వేరే లెక్క.

రాఘవ్ చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు ఎమ్మిగనూరులో అవ్వ ఇంటి వెనక కట్టెల మోపు దగ్గర ఆడుకుంటూ పాము కాటు తిన్నాడు. మిట్టమధ్యాహ్నం. రామసుబ్బయ్య ఈ కారులోనే కర్నూలు ఆసుపత్రికి పరుగు తీయించాడు. వెనక సీట్లో పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని సుబ్బలక్ష్మి పైకే మొక్కుకుంది: "ఈరన్న సామీ, నా బిడ్డను నిలబెట్టు. నా చేతికి గాజులున్నన్నాళ్లూ, ఏటేటా శ్రావణ సోమవారం ఈ బండిలోనే వచ్చి నీ గడప తొక్కుతాం."

పిల్లవాడు బతికాడు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడు. అప్పటినుంచీ ఒక్క శ్రావణమూ తప్పలేదు.

"అమ్మా, నేను బతికింది బండి వల్లనా, డాక్టరు వల్లనా, సామి వల్లనా?" అని అడిగాడు రాఘవ్.

"ముగ్గురి వల్ల. ముగ్గుర్లో ఎవర్నీ అమ్మేది ల్యాదు."

చివరికి స్వామినే పువ్వు అడుగుదామని ఆమే అన్నది. వాళ్ల దేవుడి గూట్లోనూ ఈరన్నే, తాతలనాటి రాతి నరసింహస్వామిగా ఉన్నాడు. ఎటూ తేలని సంగతి వచ్చినప్పుడు స్వామి రెండు భుజాల మీదా తడి పువ్వులు పెట్టి అడగడం ఆ ఇంటి వాడుక. కుడి పువ్వు పడితే ఒప్పుకున్నట్టు, ఎడమది పడితే వద్దన్నట్టు. ఆదివారం పొద్దున పెట్టిన పువ్వులు సాయంత్రం దాకా కదలలేదు. రెండూ భుజాలకు అతుక్కుని అట్లే వాడిపోయాయి.

రామసుబ్బయ్య చూశాడు. పువ్వుల కింద పలచగా ఉండాల్సిన గంధం వేలెడు మందాన ఉంది.

శ్రావణ సోమవారం తెల్లవారి కౌతాళం మీదుగా ఉరుకుందకు బయలుదేరారు. రాఘవ్ అంగట్లో ఉండిపోయాడు. కాలువ కింద వరి నాట్లు పడుతున్నాయి. కారు చల్లటి గాలికి బాగానే పరుగెత్తింది. మూడో గేరులో గొంతు విప్పింది కూడా. రేపు ఈ గొంతు బళ్లారిలో ఎవడో వింటాడు. ఉంచుకుందామా అంటే, ఉంచుకుని ఎవరు తలుపు తీస్తే వాళ్ల ముందు నవ్వుతూ ఎన్నాళ్లు? ఆ ఆలోచన అటూ ఇటూ తిరిగి మళ్లీ మొదటికే వచ్చింది.

"ఇదే ఆఖరు రావడమేమో" అన్నాడు.

"ఆఖరు అనే మాట బండిలో అనొద్దండి. సామి చెప్పినాడా మీకు? పువ్వు పడిందా?"

"వద్దనీ చెప్పలేదు కదా. రెండూ అట్లే ఉండె."

"అంటే బండి అట్లే ఉండమని."

అతనికి విసుగొచ్చింది. "అంత గంధం మెత్తితే పువ్వేం పడుతుందే? స్వామి దులుపుకున్నా పడదు."

సుబ్బలక్ష్మి కొబ్బరికాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చేలను చూస్తూ కూర్చుంది.

ఉరుకుందలో జనం విరగబడి ఉన్నారు. బండ్లన్నీ ఊరి బయట పొలంలో నిలపమన్నారు. ట్రాక్టర్ల వెనక ఖాళీ చూసి రామసుబ్బయ్య కారు ఆపాడు. సుబ్బలక్ష్మి సీటు అంచు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఊని, మూడు విడతల్లో పైకి లేచింది. తన వైపు తలుపు వేసింది. ఎప్పుడూ ఆమె చుట్టూ తిరిగి వచ్చి అతని తలుపు తీస్తుంది. ఇవాళ బుట్ట చంకన పెట్టుకుని, వెనక్కి తిరగకుండా గుడివైపు నడిచింది.

"ఏమే! సుబ్బీ!"

వినపడలేదో, వినలేదో. పసుపుపచ్చ చీర జనంలో కలిసిపోయింది.

అతను ఆమె వైపు తలుపుకు చెయ్యి చాచాడు. అందలేదు. పక్క సీట్లోకి జరుగుదామంటే పొట్ట స్టీరింగుకు తగిలింది, పంచె గేరు కడ్డీకి చుట్టుకుంది, మోకాలు కలుక్కుమంది. మళ్లీ సీట్లో కూలబడ్డాడు. సీటు రెండు పక్కలా ఒత్తి పట్టుకుంది.

ఆమె సగం దించి పోయిన అద్దంలోంచి కొంచెం గాలి వస్తోంది. అంతమాత్రం ఉంది కదా అనుకున్నాడు.

రాయచూరు వైపునుంచి వచ్చిన కుటుంబమొకటి పక్కనుంచి పోతోంది. పెద్దాయన వంగి చూశాడు. "ఏన్రీ సావుకారే, దర్శన ఆయ్తా?"

దర్శనం అయిందా అని అడుగుతున్నాడు. తలుపు తీయవయ్యా అనడానికి కన్నడం రాక కాదు. సొంత కారులో ఇరుక్కున్నానని ఏ ముఖంతో చెప్పడం? "ఆగిల్లా, ఇంకా కాలేదు. ఇంట్లోవాళ్లకోసం చూస్తున్నా" అన్నాడు.

ఇంకొంచెం సేపటికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కారు ముందు నిలబడి ఫోటోలు దిగారు. "బండి భలే ఉందిన్నా! అమ్ముతావా?" అన్నాడు ఒకడు. "అమ్మను" అనేశాడు రామసుబ్బయ్య. వాళ్లు పోయాక, అడిగినప్పుడే తలుపు తీయమనడానికి మంచి అదును కదా అని నాలుక కరుచుకున్నాడు.

ఎండ ముదిరింది. రేకు కాగి లోపలంతా పొయ్యి మీద పెట్టినట్టయింది. గుడిలో హారతి గంటలు మోగాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా అటు పరుగెత్తారు. ఇప్పుడు సిగ్గు విడిచి పిలిచాడు. "ఎవరన్నా ఉన్నారా? అప్పా! తలుపు!" ట్రాక్టర్లు తప్ప వినేవాళ్లు లేరు. హారను కొట్టాడు. పొలంలో అన్ని బండ్లూ హారన్లు కొడుతూనే ఉన్నాయి.

చొక్కా తడిసి వీపుకంటుకుంది. కళ్లు మూసుకున్నాడు. స్వామీ, ఆమె మొక్కుకున్నది నువ్వు బిడ్డను తిరిగిస్తావని. ఇచ్చినవాడివి, మా ఇనుప ముక్కతో నీకేం పని? నువ్వు కావాలన్నావా, మేమే నీ పేరు పెట్టి కట్టుకున్నామా? అడిగినందుకు తప్పేమీ లేదనిపించింది గానీ, అడగడం వల్ల తలుపూ తెరుచుకోలేదు.

అద్దంలో పసుపు రంగు కదిలింది.

సుబ్బలక్ష్మి పరుగున వస్తోంది. ఆమె పరుగెత్తడం అతను చూసి ఎన్నేళ్లయిందో. బుట్ట వంకరపోయి ఉంది. కాయలు కొట్టనివి కొట్టనట్టే ఉన్నాయి. వచ్చి రెండు చేతులతో తలుపు లాగింది. వేడి పిడి చురుక్కుమన్నా వదల్లేదు.

"ఏమైంది? దర్శనం?"

"యాడ దర్శనం? గడప దాకా పోయి తిరుక్కుంటి." ఆమెకు ఊపిరి ఆడటం లేదు. అతని నుదురు, మెడ తడిమి చూసింది. "నీళ్లు తాగండి ముందు."

తాగాడు. ట్రాక్టరు నీడలో కూర్చోబెట్టింది. కొంగుతో విసురుతూ ఏడ్చింది.

"నన్ను తిట్టుకుంటివా? లైన్లో అంత దూరం పోయి ఎవరన్నా వెనక్కి వస్తారా?"

"నేనేమని మొక్కుకున్యాను? నా చేతికి గాజులున్నన్నాళ్లు అని కదా. సామి ఎదురుగా పోతాంటే ఆ మాటే నోటికి వచ్చింది. గాజులున్నన్నాళ్లు బండి. బండి పోవాలంటే గాజులు పోవాల. మీరేమో ఎండలో దాంట్లోనే..." తన గాజుల చేతిని రెండో చేత్తో మూసి పట్టుకుంది. "ఎట్ల మొక్కుకుంటినండీ నేను? బిడ్డ కోసం మొగుణ్ణి తీసుకపోయి బండికి కట్టేస్తినే."

ఇన్నేళ్లూ ఆ మొక్కును అతనూ విన్నాడు. అందులో తన ప్రాణం ఉందని అతనికెప్పుడూ తట్టలేదు. బండి ఇంట్లోనే ఉంటుందన్న మాట ఒక్కటే వినపడింది.

"నీ మనసులో అది లేదు కదా. స్వామికి తెలీదా?" అన్నాడు.

"ఆయనకు తెలుసు. నాకే తెలీల్యా."

లైను తోకలో మళ్లీ నిలబడ్డారు. ఈసారి ఇద్దరూ కలిసే. స్వామి ఎదుట ఆమె ఏం చెప్పుకుందో అతను అడగలేదు.

ఇల్లు చేరేసరికి రాఘవ్ వాకిట్లో ఉన్నాడు. తండ్రి వైపు తలుపు తీసి, "ప్రేమ్ కుమార్ ఫోన్ చేసినాడు నాయనా. రావాల్నా వద్దా అని అడుగుతాండాడు" అన్నాడు.

"ఉండప్పా. మీ అమ్మ చెప్తుంది."

సుబ్బలక్ష్మి స్నానం చేసి తడిబట్టతో గూటి ముందు నిలబడింది. స్వామిని కడిగింది. రెండు నందివర్ధనాలు నీళ్లలో ముంచి తెచ్చింది. గంధం గిన్నె ముట్టుకోలేదు. "సామీ, ఏ బండి దొరికితే ఆ బండిలో వస్తాం. బస్సులో అయినా వస్తాం. ఆయన్ను మాత్రం దేనికీ కట్టను. ఒప్పుకుంటే కుడి పువ్వు ఇయ్యి."

పువ్వులు పెట్టింది. ఎడమది భుజం మధ్యన, మెడకు ఆనించి పెట్టింది. కుడిదాన్ని మాత్రం భుజం అంచున, కాడ గాల్లో ఉండేట్టు పెట్టింది.

రామసుబ్బయ్య చూశాడు. స్వామి కూడా చూసే ఉంటాడు. పొద్దున గంధం మాట ఎత్తి ఏం బాగుపడ్డాడో గుర్తుంది కాబట్టి నోరు మెదపలేదు. చేతులు జోడించి నిలబడ్డాడు గానీ కళ్లు ఎడమ పువ్వు మీదే ఉన్నాయి. పడు, పడు అంటున్నాయి. తన కళ్లను తనే పట్టుకుని, బలవంతాన కుడివైపు తిప్పుకున్నాడు.

కుడి పువ్వు పడింది.

"ఒప్పుకున్యాడు" అన్నది సుబ్బలక్ష్మి. ఆ గొంతులో సంతోషం లేదు.

రాఘవ్ ఫోను తీసుకుని వాకిట్లోకి పోయాడు. రామసుబ్బయ్య వెనకే వెళ్లి, నడుం వంచి, కారులో కూర్చున్నాడు. అలవాటు కొద్దీ తలుపు లాక్కున్నాడు. టక్కున పడింది. పడ్డాక గుర్తొచ్చింది.

తాళం చెవి తిప్పలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. సీటు నడుమును ఒత్తి పట్టుకుంది.

సుబ్బలక్ష్మి వచ్చి బయట నిలబడి, తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"తీయమంటారా?"

అద్దంలోంచి మాట వినపడలేదు గానీ, ఏమడిగిందో తెలిసింది. ఉండమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఉండింది. చెయ్యి మాత్రం పిడి మీదనుంచి తీయలేదు.