నీలవేణి లారీ ఎక్కిందా?

ఆదివారం పొద్దున్న ముందుగదిలోకి టీలు పట్టుకెళ్తే ఒక సలహా, ఖాళీ గ్లాసుల కోసం వెళ్తే ఇంకో సలహా. హైమవతి కథలు రాయడం నేర్చుకున్నది అలాగే. భర్త విశ్వనాథ్ విజయనగరంలో తెలుగు లెక్చరరు. కథలు రాద్దామనుకునేవాళ్ళకి ఇంట్లోనే ఆదివారం తరగతి పెట్టాడు. ఆ పాఠం మొదలూ చివరా ఆవిడ చెవిన ఎప్పుడూ పడలేదు. “కష్టం ఎక్కడ మొదలైందో కథా అక్కడే మొదలవ్వాలి” అని వినేసరికి పాలు పొంగేవి. “మీకు మరీ ముద్దొచ్చిన వాక్యాన్నే ముందు కొట్టెయ్యండి” అని వినేసరికి అత్తగారు పిలిచేది. మిగతాది బీరకాయ చెక్కు తీస్తూ తనే పూరించుకునేది.

ఒకసారి అడిగింది కూడా, నేనూ ఓ మూల కూర్చుంటానండీ అని. ఆయన నవ్వాడు. కోపం లేని నవ్వు. అదే ఎక్కువ గుచ్చుకుంది. “నువ్వూ కూర్చుంటే మధ్యలో లేచేదెవరు?” అన్నాడు. అత్తగారు ప్రసూనాంబ ఇంకొంచెం ప్రేమగా, “రాసుకోడానికి నీకేం కష్టాలున్నాయే, రాణీలా ఉన్నావు” అంది. రాణిగారు అప్పుడు పాలగిన్నె అడుగు గీరుతున్నారు.

“రోజూ ఒకే వేళకి రాయండి” అన్నది మరో సలహా. ఆ ఇంట్లో హైమవతికంటూ ఉన్న వేళ గ్రైండరు తిరిగే వేళ ఒక్కటే. పిలిచినా వినపడదు, వినపడలేదంటే నమ్ముతారు. ఫోనులో టైపు చేసుకునేది. “రాసింది పైకి చదవండి, కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది” అన్నారు కదా అని గ్రైండరుకే వినిపించేది. ఆ శ్రావణంలో ఇడ్లీలు ఎంత తేలిగ్గా వచ్చాయంటే, మూత తీస్తే ఎగిరిపోతాయేమోనని ప్రసూనాంబ పళ్ళెం అడ్డుపెట్టుకునేదట.

ఆ చప్పుడులోనే నీలవేణి పుట్టింది. సాలూరులో లారీ ఓనరు భార్య. డ్రైవర్లకి క్యారేజీలు కట్టి ఇస్తుంది. వాళ్ళ మాటలు వినీ వినీ రాయపూర్ దాకా ప్రతి మలుపూ తెలుసు, ఒక్క మలుపూ చూడలేదు. మొదట్లో హైమవతి చెప్పినట్టే నడిచింది. ఓ రోజు మాత్రం క్యారేజీ డ్రైవరుకి ఇవ్వమంటే ఇవ్వలేదు. దాన్ని పట్టుకుని తనే లారీ మెట్టు మీద కాలు పెట్టింది. హైమవతి ఓ అడుగు వెనక్కి వేసింది. ఎవరీ మనిషి? బియ్యం కడిగే ఈ చేతులతో తనే కదా చేసింది! ఇంతకాలం ఈ చేతులు చేసిందంతా సాయంత్రానికల్లా తినేశారు, మాపేశారు, మళ్ళీ చెయ్యమన్నారు. ఇది మాత్రం మిగిలింది. మిగలడమే కాదు, తిరిగి తన మొహంలోకి చూస్తోంది. దేవుడు మొదటి మనిషిని చేసినప్పుడు ఇలాగే అడుగు వెనక్కి వేశాడా? హైమవతి గ్రైండరు ఆపింది, కథా ఆపింది. “ముగింపు పాఠకులకి వదిలెయ్యాలి” అన్న సలహా అక్కరకొచ్చింది. నిజానికి ముందుకు రాయడానికి భయమేసింది.

శ్రావణ శుక్రవారం వ్రతకథ హైమవతే చదివింది. పేరంటాళ్ళు అక్షింతలు నెత్తిన వేసుకున్నారు. వాయనాలు సర్దడానికి ప్రసూనాంబ లోపలికెళ్ళింది.

“నీ గొంతు బాగుంటాదే హైమా, ఇంకో కథ సెప్పు” అంది పక్కింటి తాయారు.

“నేను రాసిందొకటుంది పిన్నీ. చదవనా?”

అమ్మవారి ముందు కథ అనేసరికి అలవాటైన చేతులు ఊరుకుంటాయా? అందరూ మళ్ళీ పళ్ళెంలోంచి అక్షింతలు తీసి గుప్పిట పట్టారు. హైమవతి వద్దనబోయి, మానేసి చదవడం మొదలెట్టింది. నీలవేణి మెట్టు మీద కాలు పెట్టింది. హైమవతి ఫోను పక్కన పెట్టింది. ఎవరూ గుప్పిట విప్పలేదు.

“అయిపోయింది పిన్నీ.”

“ఏటయిపోయింది? ఓ కాలు మెట్టు మీదుంది, ఓ కాలు నేల మీదుంది!”

“తర్వాతది మీరు ఊహించుకోవాలి.”

“నానూహించుకుంటే నా కథవుతాది. ఇది నీది కాదేటి? కథ అవ్వకండా అచ్చింతలెలాగేసుకుంతాం? ఎక్కిందా, లేదా?”

పేరంటాళ్ళలో వెనక కూర్చున్న ముసలి అసిరమ్మ అంది, “దిగిపోనాదని మాత్రం సెప్పకే తల్లీ. ఇంతసేపు మఠం వేసుక్కూకున్నాను, నా మోకాళ్ళు ఊరుకోవు.”

ప్రసూనాంబ వాయనాలతో వచ్చి గుమ్మంలో ఆగింది. “ఏవిటర్రా ఆ గుప్పిళ్ళు?”

“నీ కోడలు ఒకావిణ్ణి లారీకాడ నిలబెట్టీసింది వదినా!” అంది తాయారు.

సంగతంతా విని ప్రసూనాంబ, “మొగుడితో చెప్పి వచ్చిందా?” అంది.

“లేదత్తయ్యా.”

ప్రసూనాంబ పళ్ళెం కిందపెట్టింది. చిటికెడు అక్షింతలు తీసుకుని తాయారు పక్కన కూర్చుంది.

హైమవతి ఆ గుప్పిళ్ళ వైపు చూసింది. చెమటకి పసుపు వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. లేని మనిషి కోసం ఇంతమంది ఊపిరి బిగబట్టారు! గోడగడియారం కూడా ఆగిపోయిందని తాయారు తర్వాత వీధంతా చెప్పింది. బ్యాటరీ అయిపోయి ఉంటుందని ఎవరూ అనలేదు.

హైమవతి ఫోను ముట్టుకోలేదు. “ఎక్కింది” అంది. “డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. ‘దిగిపొండమ్మా, అయ్యగారు కోప్పడతారు’ అన్నాడు. ‘అయ్యగారికి అన్నం గిన్నెలో ఉన్నాది, నువ్వు పోనియ్’ అంది. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే సాలూరు ఊరంతా ఆవిడ అరచేతిలో పట్టేంత అయిపోయింది.”

“ఓలమ్మో!” అంది తాయారు. గుప్పిళ్ళు విచ్చుకున్నాయి. అందరూ నెత్తిన వేసుకున్నారు. ప్రసూనాంబ మాత్రం లేచి, తన చేతిలోవి కోడలి తలమీద వేసింది.

కాలేజీ నుంచి వచ్చిన విశ్వనాథ్ ఎప్పట్నుంచి నిలబడ్డాడో, గుమ్మం బయట చెప్పులతోనే ఉన్నాడు. “నిజంగా బాగుంది హైమా” అన్నాడు. “ఆ ఎక్కించడం ఒక్కటీ తీసెయ్. మెట్టు దగ్గరే ఆపు. నాకు పంపు, ఆదివారం క్లాసులో చదివి వినిపిస్తాను.”

“తియ్యనండీ” అంది హైమవతి. “ఆదివారం నాకో కుర్చీ వెయ్యండి. నేనే చదువుతాను.”