బల్లకి దూరంగా

ఆరాధన మొదలవకముందే ఆరోగ్యమ్మ పంపు కింద గ్లాసులు కడుగుతోంది. బొటనవేలంత గ్లాసులు. ఒక్కొక్కదాన్లో చిటికెనవేలు దూర్చి, తిప్పి, వెలుతురుకెత్తి చూసి, తెల్లగుడ్డ మీద బోర్లిస్తోంది. మిరపచేలల్లో వంగీ వంగీ నడుము ఆ వంపులోనే నిలిచిపోయింది కాబట్టి, ఈ పనికోసం కొత్తగా వంగక్కర్లేదు.

జగ్గయ్యపేట శివార్లలోని ఆ చిన్న చర్చిలో ప్రతినెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఆ రోజు అందరూ పరగడుపున వస్తారు. ఆరోగ్యమ్మా పరగడుపునే వస్తుంది. వాళ్ళు రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుని ఇళ్ళకెళ్ళి కోడికూర తింటారు. ఆమె వాళ్ళు తాగిన గ్లాసులు మళ్ళీ కడిగి వెళుతుంది. రొట్టె విరిచేటప్పుడు మాత్రం వెనకగది తలుపు సందులోంచి చూస్తుంది. చూడొద్దని ఎవరూ చెప్పలేదు మరి.

కొత్త పాస్టరు భార్య కృపాజ్యోతి వచ్చి నాలుగు నెలలే అయింది. కళ్ళు చురుకు.

“అమ్మమ్మా, నువ్వు బల్ల తీసుకోవేంటి?”

“అయ్యగారు వద్దన్నారమ్మగారూ.”

“మా ఆయనా? ఎప్పుడు?”

“ఈ అయ్యగారు కాదు. పాతాయన.”

పద్దెనిమిదేళ్ళ కిందట, మిర్చి కోతల్లో, ఒక ఆదివారం ఆరాధన మాని ఆరోగ్యమ్మ కూలికెళ్ళింది. “నేను చెప్పేదాకా బల్లకి దూరంగా ఉండు,” అన్నారు పాస్టరుగారు. మరుసటి నెలలో ఆయన మైలవరం వెళ్ళిపోయారు. చెప్పడం మర్చిపోయారు. తరవాత వచ్చినవాళ్ళెవరికీ, గ్లాసులు కడిగే మనిషి తాగుతోందా లేదా అని చూడాలని తోచలేదు.

“పద్దెనిమిదేళ్ళా! ఎవర్నన్నా అడగొచ్చుగా?”

“దేవుడి ఎదట అన్నమాటమ్మా. వద్దన్నాయనే రమ్మనాల.”

కృపాజ్యోతి అప్పటికప్పుడు ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి పాతాయన నంబరు పట్టింది. స్పీకరు పెట్టి, ఫోను పంపుగట్టు మీద ఉంచింది.

“ఏ ఆరోగ్యమ్మ?” అంది అవతలి ముసలిగొంతు.

కృపాజ్యోతి చెప్పింది.

“ఇన్నాళ్ళూనా?... తీసుకోమ్మా. తప్పు నాది. నాకోసం ప్రార్థన చెయ్యి.”

“అట్టాగేనండయ్యగారూ,” అంది ఆరోగ్యమ్మ, ఫోనుకి రెండు చేతులూ జోడించి. తడిచేతులు కొంగుకి తుడుచుకుని, ఆ కొంగే తలమీద కప్పుకుంది.

“ఇవాళ మిగతా పని నేను చూసుకుంటా. నువ్వెళ్ళి ముందు కూర్చో.”

“ముందెందుకమ్మగారూ? గోడ పక్కనయితే లేవటానికి పట్టు దొరుకుద్ది.”

గోడ పక్కనే కూర్చుంది. పాస్టరు క్రాంతికుమార్ వేరుశనగ గింజంత రొట్టెముక్క అరచేతిలో పెడితే, వేడివస్తువుని పట్టుకున్నట్టు పట్టుకుంది. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. అందరూ తాగేసి పాట ఎత్తుకున్నా ఆమె నమలడం ముగించలేదు. పళ్ళు లేకపోవడం ఒక కారణం. ఆఖరికి ద్రాక్షారసం గుటక వేసి, గోడకి తల ఆనించింది.

దీవెన ప్రార్థనకి అందరూ లేచారు. ఆరోగ్యమ్మ లేవలేదు. పరగడుపు కదా, కునుకు పట్టిందనుకున్నారు. ఆమేన్ అయ్యాక కృపాజ్యోతి భుజం తట్టింది. తల గోడమీంచి మెల్లగా పక్కకి జారింది.

మధ్యాహ్నం ఆమె గది తాళం తీశారు. పొయ్యి పక్కన, పళ్ళెం మూతవేసిన గిన్నెలో, తిరిగొచ్చి వండుకుందామని నానబోసిన గుప్పెడు బియ్యం, నీళ్ళన్నీ పీల్చుకుని, తెల్లగా విచ్చుకుని ఉన్నాయి.