బల్ల మీద చెయ్యి

పొగాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర సోదా పేరుతో మేస్త్రీ చెయ్యి ఆడవాళ్ళ రవికల్లోకి పోవడం కొత్త కాదు. గురువారం సాయంత్రం ఫ్రేడ్లా ఆ చేతిని కొరికింది. పదహారేళ్ళ పిల్ల. "యూదు దొంగముండ, పొగాకు దాచింది" అని వాడు గోలపెట్టాడు. పోలీసులు ఆమెను జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతుంటే, వెనక వరసలో ఉన్న చెర్నాకి ఒళ్ళు మండింది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

యూదుల సంఘం పెద్ద నాఖూమ్ ఠాణాకు వెళ్ళి పూచీ పడితే పిల్లను వదిలేస్తారు. శుక్రవారమంతా చెర్నా ఆయన గుమ్మం చుట్టూ తిరిగింది. "చూద్దాం" అన్నాడు పెద్దమనిషి.

యూదుల ప్రార్థన మందిరంలో ఒక పాత హక్కుంది. అన్యాయమైపోయినవాడు వచ్చి గ్రంథం చదివే బల్ల మీద చెయ్యి వేస్తే, వాడి గోడు వినేదాకా ధర్మగ్రంథం చదవకూడదు. అన్యాయమైపోయింది ఆడదైతే ఏమిటన్నది ఎవరూ ఆలోచించలేదు, ఆడవాళ్ళు మేడమీద జాలీ వెనక కూర్చుంటారు కదా. శనివారం ప్రార్థన వేళ చెర్నా మెట్లు దిగి, మగవాళ్ళ మధ్యగా నడిచి, పొగాకు మరకల చేతిని బల్ల మీద పెట్టింది.

"ఫ్రేడ్లాని విడిపించేదాకా చదువు లేదు."

"మతి పోయిందా నీకు?" అన్నాడు నాఖూమ్. "ఈస్టర్ దగ్గరపడింది. నిరుడు ఆ పండక్కే పక్క ఊళ్ళో క్రైస్తవులు మనవాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు. ముందు ప్రాణాలు దక్కనీ. ఆడవాళ్ళ గొడవలు తర్వాత."

"తగలబెట్టేముందు ఆడపిల్లల్ని ఏం చేశారో అది కూడా చెప్పండి. చెప్పరు, పరువు. వాళ్ళ పగ యూదుల మీద, తీర్చుకునేది మా ఒంటి మీద. మీరు నోరెత్తరని వాళ్ళకి తెలుసు."

"పిల్ల సంగతి బయటికి పొక్కితే ఎవడు చేసుకుంటాడు?" అన్నాడొకడు.

"నీలాంటోడు చేసుకోకపోతే అదే పదివేలు," అంది జాలీ వెనకనుంచి ఓ ముసలమ్మ.

అప్పుడే గుమ్మంలోకి స్టెఫ్కా వచ్చింది. ఫ్యాక్టరీలో చెర్నా పక్కనే ఆకు కోసే క్రైస్తవుల పిల్ల.

"ఫ్రేడ్లా పోయిందక్కా. ఉరేసుకుందంటున్నారు పోలీసులు. ఠాణాలో గచ్చు కడిగేది మా అమ్మే, ఒంటినిండా గాయాలు చూసింది. మేస్త్రీ మమ్మల్నీ తడుముతాడు. అరవబోతే, నువ్వూ యూదుదానివైపోయావా అంటాడు. ఆ మాటకి జడిసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాం."

నాఖూమ్ తోలుచుట్టగా ఉండే గ్రంథాన్ని చుట్టి మూయబోయాడు. చెర్నా చెయ్యి తియ్యలేదు.

"తెరిచే ఉంచండి. మా మాట ఇంకా అవలేదు."

మేడమీది ఆడవాళ్ళందరూ మెట్లు దిగి వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు.

సోమవారం గేటు దగ్గర ఒక్కరూ సోదాకి చేతులెత్తలేదు. పోలీసులు దిగారు. మొదట చెర్నాను పట్టుకుని బండిలో పడేశారు. ఆ ఖాళీలోకి స్టెఫ్కా జరిగి నిలబడింది.

"నీకేం పోయేకాలమే?" అన్నాడు మేస్త్రీ, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ. "నువ్వూ యూదుదానివైపోయావా?"

"అయిపోయాను."

"నేనూ," అంది వెనక నిలబడ్డ క్రైస్తవుల ఆవిడ.

బండి కదిలింది. మలుపు తిరిగేదాకా చెర్నాకి ఆ మాటే వినబడుతూ ఉంది, ఒక్కో గొంతులో: "నేనూ."