కార్డు వెనక తేదీ

ప్రతి శనివారం మూడింటికి ఇంద్రేశంలోని మా అపార్ట్‌మెంట్ హాల్లో ఆడవాళ్లం చేరి గ్రీటింగ్ కార్డులు చేస్తాం. ఎవరి రబ్బరు స్టాంపులు వాళ్లు తెచ్చి బల్ల మధ్యలో పెడతారు. పూలు, పిట్టలు, దీపాలు. ఎవరివైనా ఎవరైనా వాడుకోవచ్చు. నేను తెచ్చేది ఒక్కటే, తేదీ వేసే స్టాంపు. పటాన్‌చెరు మందుల కంపెనీలో పంతొమ్మిదేళ్లు అట్టపెట్టెల మీద తేదీలు కొట్టిన చెయ్యి నాది. ఆ స్టాంపును ఎవరూ ముట్టుకోరు, పైగా నవ్వుతారు.

"అరుణక్కా, కార్డుకు ఎక్స్‌పైరీ గూడ కొడ్తవా ఏంది?"

నవ్వితే నవ్వనీ. తేదీ లేని పెట్టెను నేనెన్నడూ గేటు దాటనివ్వలేదు. కార్డునెందుకు దాటనిస్తాను?

చివర్లో ప్రతి ఒక్కరూ కార్డు పైకెత్తి, అది ఎవరికో చెప్పాలి. అదీ ఇక్కడి ఆనవాయితీ. అందరికీ అక్కలు, ఆడపడుచులు, మేనకోడళ్లు ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. మొదటి శనివారం నోటికొచ్చింది అనేశాను: "మా దేవమ్మకు." ఇక ప్రతి వారం అదే మాట.

దేవమ్మది కంపెనీలో నా పక్క బల్ల. పంతొమ్మిదేళ్లు ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం. నేను పని మానేసిన ఆఖరి రోజున మాత్రం చెప్పకుండా సెలవు పెట్టింది. ఒళ్లు మండింది నాకు. తనే ఫోన్ చెయ్యనీ అని పంతం పట్టాను. రెండేళ్లయినా తను చెయ్యలేదు. కార్డులన్నీ నా బీరువాలోనే ఉన్నాయి.

మొన్న శనివారం, ఈ కార్డుల పని మాకు నేర్పే హరిచందన ఒకామెను వెంటబెట్టుకొచ్చింది. "రెండో అంతస్తుల కొత్తగ కిరాయికి దిగిండ్రు," అంది.

చూస్తే దేవమ్మ! మనిషి సగమైంది. నా నోట్లోంచి ఆ పేరు పైకే వచ్చేసింది.

హరిచందన ఊరుకుంటుందా? "గీమెనేనా నీ దేవమ్మ? అక్కా, వారం వారం నీకు కార్డులు పంపేది గీ అరుణక్కనే గదా!"

అందరూ మా వైపు తిరిగారు. దేవమ్మ నన్ను చూసింది, బల్ల మీది తేదీ స్టాంపును చూసింది.

"అవును," అంది. "అన్నీ వచ్చినయ్. పదిలంగ దాసుకున్న."

అందరూ వెళ్లాక మెల్లగా అడిగింది. "గన్ని కార్డులు చేసినవా? ఒక్కటన్న పంపకపోయినవా, అరుణా?"

ఇంటికి పోయి కట్ట మొత్తం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె బొమ్మలు చూడలేదు. కంపెనీలో పెట్టెలు చెక్ చేసినట్టే ఒక్కొక్కటీ తిప్పి వెనక తేదీ చదివింది. ఎర్రపూల కార్డు దగ్గర ఆగిపోయింది.

"ఫిబ్రవరి పదిహేను. మా ఆయన పోయిన దినం." ఆ తేదీని వేలితో తడిమింది. "దవాఖాన మెట్ల మీద కూసోని నీకు చేద్దామని ఫోన్ తీసిన. ముందుగాల నువ్వే చెయ్యాలె అనుకొని మల్ల లోపల పెట్టిన."

ఆ శనివారం నాకు బాగా గుర్తుంది. పూలు వంకరగా పడ్డాయని ఆ కార్డు చింపేసి, రెండోసారి చేశాను. అంత తీరిక ఉండింది నాకు.